గ్రంథాలయంలోని పాత సేకరణతో చరిత్ర ప్రసంగం నిర్వహించడం ఎలా?

పాత పత్రికల సంపుటాలు, తాళపత్రాలు, ఉత్తరాలు, కరపత్రాలు, సభల నివేదికలు బీరువాల్లో ఉన్న గ్రంథాలయాల నిర్వాహకులు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: వీటి ఆధారంగా ఊరివారికి ఒక చరిత్ర ప్రసంగం ఏర్పాటు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ క్రమంలో పని చేయాలి? కళాశాల గ్రంథపాలకులు, జిల్లా గ్రంథాలయ సంస్థల శాఖల్లో పనిచేసేవారు, నూరేళ్లు దాటిన ప్రైవేటు గ్రంథాలయాల కార్యదర్శులు కూడా ఇదే అడుగుతున్నారు కనుక మొత్తం పద్ధతిని ఒకచోట రాస్తున్నాను.

మొదట ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మన దగ్గర చాలా సభలు వక్తను పిలవడంతో మొదలవుతాయి. వక్త దొరికిన తరువాత అంశం, ఆ తరువాత వేదిక, చివరి రోజున "మన దగ్గర ఉన్న పాత పుస్తకాలు కూడా నాలుగు బల్ల మీద పెడదాం" అన్న ఆలోచన వస్తుంది. ప్రత్యేక సేకరణ ఉన్న గ్రంథాలయం చేయవలసింది దీనికి పూర్తిగా తలకిందులు. ముందు వస్తువు, అంటే సేకరణలోని ఒక పత్రమో సంపుటమో, దాని నుంచి ప్రశ్న, ఆ ప్రశ్నకు తగిన వక్త, ఆఖరున తేదీ. ఈ క్రమం పాటిస్తే ఆ ప్రసంగం మీ గ్రంథాలయంలో తప్ప మరెక్కడా జరగడానికి వీలులేనిదవుతుంది. పాటించకపోతే ఏ కల్యాణమండపంలోనైనా జరగగల ఉపన్యాసంగా మిగులుతుంది.

కావలసినవి

సమయం: ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఇందులో సగం కాలం ఆధారాలను సరిచూసుకోవడానికే పోతుంది.

మనుషులు: కనీసం ముగ్గురు. ఒకరు సేకరణ బాధ్యత చూస్తారు, ఒకరు సభ బాధ్యత చూస్తారు, మూడో వ్యక్తి సభ జరిగే సమయంలో రాసుకోవడానికే ఉంటారు. ఈ మూడో వ్యక్తిని చాలామంది అనవసరం అనుకుంటారు. తరువాత ఎంతో పశ్చాత్తాపపడతారు.

పత్రాలు: యాక్సెషన్ రిజిస్టరు (గ్రంథాలయానికి చేరిన ప్రతి వస్తువునూ నమోదు చేసే పుస్తకం), గ్రంథాలయ కమిటీ లేదా సంస్థ అధికారి ఇచ్చిన రాతపూర్వక అనుమతి, ప్రదర్శించే వస్తువుల జాబితా.

సామగ్రి: రెండు మూడు మెత్తని దిండ్లు లేదా నురుగు దిమ్మలు, శుభ్రమైన తెల్లని నూలు గుడ్డ, పెన్సిళ్లు, అద్దం మూత ఉన్న బల్ల లేదా పెట్టె, ఫోటోలు తీయడానికి కెమెరా లేదా మంచి ఫోను, ప్రొజెక్టరు, మైకు. ప్రొజెక్టరు లేకపోతే పత్రాలను పెద్ద సైజులో ముద్రించి గోడకు తగిలించినా పని జరుగుతుంది. నిజానికి వెలుతురు ఎక్కువగా ఉండే హాళ్లలో అదే మేలు.

1. సేకరణలో ఏముందో మీరే స్వయంగా చూడండి

రిజిస్టరును నమ్మి అంశం నిర్ణయించవద్దు. రిజిస్టరులో ఉన్న సంపుటం బీరువాలో లేకపోవచ్చు, ఉన్నా మధ్యలో నెలల సంచికలు లేకపోవచ్చు, బైండింగు చేసేటప్పుడు రెండు వేర్వేరు సంవత్సరాలు కలిసిపోయి ఉండవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం కొరత వల్ల పత్రికల పుటలు తగ్గాయి, నాసిరకం కాగితం వాడారు. ఆ సంపుటాలు 1900ల తొలినాటి వాటికంటే కూడా పెళుసుగా ఉండే అవకాశం ఉంది. కాగితం ఎంత గట్టిగా ఉందో తెలుసుకోవడానికి పుట మూలను మడిచి చూసే అలవాటు కొందరికి ఉంది. అది పరీక్ష కాదు, నష్టం.

జాబితా రాసేటప్పుడు ప్రతి వస్తువుకు నాలుగు విషయాలు రాయండి: అది ఏమిటి, ఏ తేదీది, ఎవరి నుంచి గ్రంథాలయానికి వచ్చింది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. మూడో గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. దాన్ని ఊహతో నింపకుండా ఖాళీగానే ఉంచండి. సభకు వచ్చే పెద్దవారిలో ఎవరైనా దాన్ని నింపగలరు.

ఊళ్ల పేర్లు, జిల్లాల సరిహద్దులు మారిపోయిన సంగతి కూడా ఈ దశలోనే గుర్తుంచుకోవాలి. చీరాల, వేటపాలెం ప్రాంతం 1970 వరకు గుంటూరు జిల్లాలో ఉండేది, ఆ తరువాత ప్రకాశంలో, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. తెలంగాణలో 2016 తరువాత జిల్లాల పటమే మారిపోయింది. పాత పత్రికలో మీ ఊరి వార్తను ఇప్పటి జిల్లా పేరు కింద వెతికితే దొరకదు. బెజవాడ (విజయవాడ), ఇందూరు (నిజామాబాదు), పాలమూరు (మహబూబ్‌నగర్) వంటి పేర్లన్నీ ముందుగా ఒక కాగితం మీద రాసుకుని వెతకడం మొదలుపెట్టండి.

మీ గ్రంథాలయంలో పాత సేకరణ లేదా? అయినా దారి ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం 1800 ప్రాంతంలో ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయత్తులు, అంటే గ్రామ చరిత్రల కథనాలు, వందలాది గ్రామాలకు ఉన్నాయి. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటివారు ఆ పనిలో ముఖ్యులు. సి.పి.బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో వీటి మూల సంపుటాలు ఉన్నాయి; కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయత్తులను ముద్రించింది. మీ గ్రామ కైఫీయత్తు దొరికితే ఒక ప్రసంగానికి సరిపడే సరుకు ఉన్నట్లే. అయితే అందులో ఉన్నది ఆనాటి కరణాలు, గ్రామ పెద్దలు చెప్పిన కథనం అని, దాన్ని శాసనాలతో, ఇతర పత్రాలతో పోల్చవలసి ఉంటుందని వక్త తప్పక చెప్పాలి.

2. ఒక వస్తువు, ఒక ప్రశ్న

"స్వాతంత్ర్యోద్యమంలో మన జిల్లా", "గ్రంథాలయోద్యమ చరిత్ర" వంటి అంశాలు పెట్టవద్దు. అవి పుస్తకానికి తగినవి, గంట ప్రసంగానికి కాదు. జనం చప్పట్లు కొట్టి వెళతారు కానీ ఏ ఒక్క విషయమూ వారి మనసులో నిలవదు.

ఇలా కుదించండి. చీరాల చుట్టుపక్కల గ్రంథాలయమైతే "గాంధీయుగం" అనకుండా, 1921లో పురపాలక సంఘపు పన్నులకు నిరసనగా చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరు ఖాళీ చేసి రామనగర్‌లో పాకలు వేసుకుని ఉన్నప్పుడు వారి రోజువారీ జీవితం గురించి ఆనాటి పత్రికలు ఏమి రాశాయన్న ప్రశ్న తీసుకోండి. హైదరాబాదు, మెదక్ ప్రాంతమైతే "నిజాం పాలనలో తెలుగువారు" అనకుండా, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభలో ఏ తీర్మానాలు చర్చకు వచ్చాయి, బహిరంగ సభకే అనుమతి తీసుకోవలసిన ఆ రోజుల్లో అది ఎలా సాధ్యమయింది అని అడగండి. గ్రంథాలయం తన చరిత్రనే అంశంగా తీసుకోవచ్చు. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, విజయవాడలో 1911 నాటి రామమోహన గ్రంథాలయం, వేటపాలెంలో 1918లో ప్రారంభమైన సారస్వత నికేతనం వంటి సంస్థల పాత మినిట్స్ పుస్తకాలు, చందాదారుల జాబితాలు, సందర్శకుల పుస్తకాలు ఎంతో విలువైనవి. ఎవరు చందా కట్టారు, ఏ పుస్తకాలు ఎక్కువగా పట్టుకెళ్లారు, స్త్రీలకు విడిగా వేళలు ఉండేవా అన్న ప్రశ్నలు వేసి చూడండి. ఊరి సామాజిక చరిత్ర అంతా అక్కడ కనబడుతుంది.

మీ ప్రశ్న సరిపోయిందో లేదో పరీక్షించే పద్ధతి ఒకటుంది. ప్రసంగం శీర్షికలో మీ ఊరి పేరు తీసేసి మరో ఊరి పేరు పెట్టి చదవండి. అప్పటికీ శీర్షిక అతుకుతుంటే ప్రశ్న ఇంకా వదులుగానే ఉన్నట్లు.

3. వక్తను ఎంచుకోవడం

పెద్ద పేరు కంటే ఆ వస్తువును కూర్చుని చదివే ఓపిక ముఖ్యం. విశ్వవిద్యాలయ ఆచార్యులే కానక్కరలేదు. ఆ అంశంపై పరిశోధన చేస్తున్న విద్యార్థి, విశ్రాంత ఉపాధ్యాయుడు, గ్రంథపాలకులు స్వయంగానైనా చెప్పవచ్చు. ఉర్దూ, మరాఠీ రాతకు వాడిన మోడీ లిపి, పాత తమిళ గ్రంథ లిపి వంటివాటిలో పత్రాలు ఉంటే వాటిని చదవగలవారిని వెతకండి. చదవలేని పత్రాన్ని చూపించి ఊహించి చెప్పడం చరిత్రకు ద్రోహం చేయడమే.

వక్తకు మూడు షరతులు ముందే రాతపూర్వకంగా చెప్పండి. సభకు కనీసం మూడు వారాల ముందు గ్రంథాలయానికి వచ్చి అసలు వస్తువును చూడాలి. ప్రసంగంలో చూపించే ప్రతి పత్రానికి తేదీ, పుట సంఖ్య రాసి ఇవ్వాలి. నలభై నిమిషాలకు మించి మాట్లాడకూడదు. ప్రయాణ ఖర్చులు, గౌరవ వేతనం ఎంత అన్నది కూడా అదే ఉత్తరంలో రాయడం మర్యాద. "మీరు మనవారే కదా" అంటూ దాటవేయవద్దు.

4. తేదీలు, పేర్లు సరిచూసుకోండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నిజాం రాజ్యపు పత్రాల మీద ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కల కోసం ఏర్పడిన సంవత్సరం) ఉంటుంది. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. అది సగమే నిజం. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూరు నెలతో మొదలవుతుంది కనుక అక్కడి నుంచి డిసెంబరు చివరి వరకు 590, జనవరి నుంచి ఆ సంవత్సరం ముగిసేవరకు 591 కలపాలి. జోగిపేట మహాసభ జరిగిన 1930 మార్చి ఫసలీ 1339లోకి వస్తుంది. 590 కలిపితే 1929 అని తప్పు లెక్క తేలుతుంది. మద్రాసు రాష్ట్రపు రెవిన్యూ లెక్కల్లోనూ ఫసలీ ఉండేది కానీ అది జూలై 1న మొదలయ్యేది. కాబట్టి పత్రం ఏ ప్రభుత్వానిదో తేల్చుకోకుండా లెక్క కట్టవద్దు.

శాలివాహన శకానికి 78 కలపాలి. జనవరికి, ఉగాదికి మధ్య తేదీలకు 79. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అది అరవై ఏళ్లకు ఒకసారి తిరిగివస్తుంది. రుధిరోద్గారి అని ఉంటే 1863, 1923, 1983లలో ఉగాదికి మొదలైన సంవత్సరాలలో ఏదైనా కావచ్చు. కాగితం, ముద్రణ, అందులో ప్రస్తావించిన మనుషులు, ధరలు చూసి వాటిలో ఏదో నిర్ణయించాలి. తిథి, వారం రెండూ ఉంటే పంచాంగంతో పోల్చండి. వారం కుదరకపోతే సంవత్సరం తప్పయి ఉండే అవకాశం ఎక్కువ.

పత్రిక తేదీ, సంఘటన తేదీ ఒకటి కావు. దినపత్రికలో "నిన్న" అన్నది విలేఖరి ఉత్తరం రాసిన రోజుకు ముందు రోజు కావచ్చు. ఆ ఉత్తరం టపాలో చెన్నపట్నమో బందరో చేరడానికి రోజులు పట్టేవి. వారపత్రికలో ఈ తేడా ఇంకా పెద్దది. సంఘటన తేదీ కచ్చితంగా తేలకపోతే "ఫలానా తేదీ సంచికలో వార్త వచ్చింది" అని మాత్రమే చెప్పాలి.

పేర్లలో ఇంటిపేరు ఒక్కటే ఇచ్చిన చోట మనిషిని గుర్తించామని తొందరపడవద్దు. ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలున్న అన్నదమ్ముల కొడుకులు ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఉండడం సర్వసాధారణం. రెండు స్వతంత్ర ఆధారాలు దొరికేవరకు ఆ పేరు ఫలానావారి తాతగారిదని వేదిక మీద ప్రకటించకూడదు. సభలో ఆ కుటుంబాలవారు కూర్చుని ఉంటారు.

సరిచూసే పనిని వక్తకే వదిలేయవద్దు. ప్రసంగంలోని తేదీలు, సంఖ్యలు, ఉటంకింపులు ఒక జాబితాగా తీసి, వక్త కాని మరొకరు అసలు పత్రం ముందు పెట్టుకుని ఒక్కొక్కటి టిక్ చేయాలి. టిక్ పడని వాక్యం ప్రసంగంలో నుంచి తొలగాలి, లేదా "ఇది కుటుంబ జ్ఞాపకం", "ఇది నా అంచనా" అని చెప్పి చెప్పాలి.

5. హక్కులు, అనుమతులు

పత్రం మన బీరువాలో ఉన్నంత మాత్రాన దాన్ని ముద్రించే హక్కు మనదని కాదు. భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు హక్కు కొనసాగుతుంది. ఉదాహరణకు 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి రచనలపై హక్కు 2013తో ముగిసింది. రచయిత పేరు లేని రచనలకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు. ఉత్తరాల విషయంలో కాగితం గ్రంథాలయానిది, రాతపై హక్కు రాసినవారిది లేదా వారి వారసులది. సభలో చదివి వినిపించడం వేరు, దాన్ని పుస్తకంగా వేయడం లేదా వీడియోలో అందరికీ చూపడం వేరు. అనుమానం ఉన్నచోట వారసులను అడగండి. అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు, కొన్నిసార్లు ఇంకొన్ని ఉత్తరాలు కూడా తెచ్చిస్తారు.

చట్టం ఒప్పుకున్నా మర్యాద ఒప్పుకోని విషయాలు ఉంటాయి. కోర్టు కాగితాల్లో, ఉత్తరాల్లో కులం పేరుతో తిట్లు, కుటుంబ తగాదాలు, అప్పుల వివరాలు కనబడతాయి. అవి వాదనకు అవసరమైతే పేర్లు తొలగించి వాడండి. అవసరం లేకపోతే వదిలేయండి. 1948 నాటి హైదరాబాదు సంఘటనల వంటి అంశాల్లో బాధితుల కుటుంబాలు అన్ని వైపులా ఉన్నాయన్న సంగతి మరవకుండా, పత్రం ఎవరు రాసినదో, ఎవరి వైపు నుంచి రాసినదో ప్రతిసారీ చెప్పాలి.

6. అసలు పత్రాన్ని చూపించడం

జనం వచ్చేది అసలు పత్రాన్ని చూడడానికే కనుక దాన్ని చూపించి తీరాలి. కానీ సభ వల్ల పత్రానికి నష్టం జరిగితే ఆ సభ జరగకపోవడమే మంచిది.

ముందుగా ప్రతి వస్తువును ఫోటోలు తీయండి, పుటలు లేదా తాటాకులు లెక్కపెట్టి రాయండి. సభ అయిన తరువాత అదే లెక్క మళ్లీ వేయాలి. వక్త తెర మీద చూపించేది ఈ ఫోటోలే. అసలు పుటను మైకు దగ్గర పైకెత్తి చూపించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

అసలు వస్తువును అద్దం కింద, వక్త మాట్లాడే పుట దగ్గర తెరిచి ఉంచండి. పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా పరచి ఒత్తవద్దు. రెండు అట్టల కింద దిండ్లు పెట్టి, వెన్ను విరగని కోణంలోనే తెరవాలి. సున్నితమైన కాగితం, రంగులు, ఫోటోల మీద పడే వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకూడదన్నది ప్రదర్శనశాలలు పాటించే ప్రమాణం. లక్స్ కొలిచే ఆప్‌లు ఫోనులో దొరుకుతాయి, ఉజ్జాయింపుగా సరిపోతాయి. కిటికీ పక్కన, ఫ్యాను కింద, ఏసీ గాలి నేరుగా తగిలే చోట బల్ల వేయవద్దు. ఫ్లాషుతో ఫోటోలు తీయవద్దని పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

కాగితం, తాటాకు ముట్టుకునేవారు చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనిస్తే చాలు. నూలు గ్లవుజులు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియక పుటలు చిరిగే ప్రమాదం ఎక్కువ. పాత ఫోటోలకు, నెగటివులకు మాత్రం నైట్రిల్ (సన్నని రబ్బరు వంటి) గ్లవుజులు అవసరం. తాళపత్రాల కట్టను విప్పేటప్పుడు తాడును బలంగా లాగితే రంధ్రాలు చిరుగుతాయి; ముందు తాడును వదులు చేసి, ఆకులను ఒక్కొక్కటిగా రెండు చేతులతో కదపాలి. అక్షరాలు మసకగా ఉన్నాయని సభకు ముందు రోజు హడావిడిగా మసి, నూనె పూయవద్దు. నిమ్మగడ్డి నూనె వాడే సంప్రదాయ పద్ధతులు ఉన్నమాట నిజమే, కానీ అది సంరక్షణ తెలిసినవారు తీరికగా చేయవలసిన పని.

చిరిగిన పుటకు సెల్లోటేపు, బలహీనమైన పుటకు లామినేషన్ ఎప్పటికీ వద్దు. ఆ రెండూ తిరిగి సరిచేయలేని నష్టాలు. అంత బలహీనమైన వస్తువైతే దాని నకలునే ప్రదర్శించి, "ఇది నకలు, అసలు ప్రతి బలహీనంగా ఉన్నందున బయటికి తీయలేదు" అని కార్డు మీద రాయండి. నకలును అసలుగా చూపించకూడదు.

ఇక జ్యోతి ప్రజ్వలన. మన సభల్లో అది తప్పనిసరి అనుకుంటే పత్రాలు ఉన్న గదిలో కాకుండా వరండాలోనో ఆవరణలోనో చేయండి. దీపం, అగరుబత్తి, కర్పూరం, పూల నీళ్లు, టీ కప్పులు, ఇంకు పెన్నులు ప్రదర్శన గది గడప దాటి లోపలికి రాకూడదు.

7. ప్రకటన

ఆహ్వాన పత్రికల్లో వేదిక మీదివారి పేర్లు, హోదాలు పది వరుసలు ఉండి, ఏమి చూపిస్తారో, ఏమి చెబుతారో ఒక్క వరుస కూడా ఉండదు. మీ ప్రకటనలో మొదటి వాక్యం వస్తువు గురించి ఉండాలి. ఇలా రాయవచ్చు: "1921లో చీరాల, పేరాల ప్రజలు ఊరు విడిచి వెళ్లిన రోజుల గురించి మా గ్రంథాలయంలో ఉన్న నాటి పత్రికలను ఆదివారం ఉదయం 10.30కి అందరికీ చూపిస్తాము. ప్రసంగం నలభై నిమిషాలు. మీ కుటుంబంలో ఆ రోజుల జ్ఞాపకాలు, ఫోటోలు ఉంటే చెప్పడానికి రండి."

తేదీ నిర్ణయించేటప్పుడు పెళ్లి ముహూర్తాలు, పరీక్షలు, ఆ ప్రాంతపు కోతల కాలం చూసుకోండి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు సహజమైన సందర్భమే కానీ ఆ వారంలో అన్ని గ్రంథాలయాలూ సభలు పెడతాయి, వక్తలు దొరకరు. చిన్న ఊళ్లలో ఆగస్టు, ఫిబ్రవరి నెలల్లో ఆదివారాలు మేలని నా అభిప్రాయం. వృద్ధులు రావాలంటే కింది అంతస్తు, చేతులున్న కుర్చీలు, దగ్గరలో మరుగుదొడ్డి ఉండాలి; అవి లేని హాలు ఎంత అందమైనదైనా ఈ పనికి పనికిరాదు. ఆ వృద్ధులే మీ సభకు అసలు సాక్షులు.

8. సభ రోజున

మొత్తం రెండు గంటలు అనుకుంటే స్వాగతం అయిదు నిమిషాలు, ప్రసంగం నలభై, ప్రశ్నలు, జ్ఞాపకాలు ముప్పై, మిగతా సమయమంతా పత్రాలు చూడడానికి. అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు, వందన సమర్పణ అన్నీ పెడితే ప్రసంగకర్తకు ఇరవై నిమిషాలు మిగులుతాయి, అప్పటికి శ్రోతలు సగం మంది వెళ్లిపోతారు. పెద్దలను గౌరవించడం తప్పనిసరి అయితే వారిని ముందు వరుసలో కూర్చోబెట్టి పేరు పేరునా స్వాగతం చెప్పండి. శాలువా కప్పాలనుకుంటే ప్రసంగం అయ్యాక కప్పండి.

పత్రాల దగ్గరికి ఒకేసారి పదిమందికి మించి పంపవద్దు. బల్ల పక్కన ఎప్పుడూ ఒకరు నిలబడి ఉండాలి. పుటలు తిప్పవలసివస్తే ఆ వ్యక్తే తిప్పాలి.

మైకు పనిచేయకపోతే, కరెంటు పోతే ఏమి చేయాలో ముందే అనుకోండి. ముద్రించిన పెద్ద నకళ్లు నాలుగైదు గోడ మీద ఉంటే కరెంటు లేకపోయినా ప్రసంగం ఆగదు.

9. ప్రశ్నలు, జ్ఞాపకాలు

ప్రశ్న అని లేచి పదిహేను నిమిషాలు ఉపన్యసించేవారు ప్రతి ఊరిలో ఉంటారు. వారిని కసరడం తగదు, అలా వదిలేయడమూ తగదు. ప్రశ్నలను చిన్న కాగితాల మీద రాయించుకుని నిర్వాహకులే చదివితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. రాయలేనివారికి మైకు ఇవ్వండి.

"మా నాయనమ్మ ఈ సంగతి చెప్పేది" అని ఎవరైనా అంటే ఆ క్షణంలో, రాసుకోవడానికి పెట్టుకున్న మూడో వ్యక్తి పని మొదలవుతుంది. పేరు, ఫోను నంబరు, చెప్పిన విషయం రాసుకుని, మరో రోజు తీరికగా కూర్చుని రికార్డు చేసుకోవడానికి అనుమతి అడగాలి. సభలో చెప్పిన జ్ఞాపకాన్ని అక్కడికక్కడే తప్పనీ ఒప్పనీ తేల్చవద్దు. పత్రానికీ జ్ఞాపకానికీ పొంతన కుదరకపోతే రెండూ రాసి పెట్టండి. కొన్నిసార్లు జ్ఞాపకమే సరైనదని, పత్రికే తప్పు రాసిందని తరువాత తేలుతుంది.

ఎవరైనా పాత కాగితాలు సంచిలో తెచ్చి అక్కడే ఇవ్వబోతే వేదిక మీద స్వీకరించి చప్పట్లు కొట్టించవద్దు. రసీదు రాసి, ఏమేమి ఇచ్చారో జాబితా చేసి, అది శాశ్వత దానమా, చూసి తిరిగి ఇవ్వడానికా అన్నది సంతకంతో తేల్చుకోవాలి. అలా వచ్చిన కాగితాలను నేరుగా మీ బీరువాలో కలపవద్దు. వెండిచేపలు (సిల్వర్‌ఫిష్ అనే కాగితం తినే పురుగులు), పుస్తకపు పురుగులు అలాగే లోపలికి వస్తాయి. వాటిని మూసిన సంచిలో, వేరే గదిలో కొన్ని వారాలు ఉంచి, పురుగు జాడ లేదని చూశాకే లోపలికి తీసుకోండి.

10. సభ తరువాత

అదే రోజు సాయంత్రం పుటలు, తాటాకులు లెక్కపెట్టి, ఫోటోలతో పోల్చి, వస్తువులు తిరిగి తమ చోటికి చేరాయని రిజిస్టరులో సంతకం చేయండి. మరుసటి రోజుకు వాయిదా వేస్తే లెక్కలో తేడా వచ్చినప్పుడు ఎవరికీ ఏమీ గుర్తుండదు.

ప్రసంగాన్ని రికార్డు చేసి ఉంటే వక్త అనుమతి, మాట్లాడిన శ్రోతల అనుమతి తీసుకున్న తరువాతే బయట పెట్టండి. వీడియో లేకపోయినా ఫరవాలేదు కానీ రాతప్రతి తప్పనిసరి: ప్రసంగ పాఠం, చూపిన పత్రాల జాబితా, వచ్చిన సవరణలు, జ్ఞాపకాలు ఒక ఫైలులో ఉండాలి. సభలో తెలిసిన కొత్త వివరాలను, ముఖ్యంగా "ఎవరి నుంచి వచ్చింది" అన్న గడిలోని వివరాలను, చెప్పినవారి పేరు, తేదీతో రిజిస్టరులో పెన్సిలుతో చేర్చండి.

ఫలితం ఎలా తెలుసుకోవాలి?

ఎంతమంది వచ్చారన్నది అన్నిటికంటే తక్కువ విలువైన కొలమానం. పాఠశాల పిల్లలను వరుసగా తెచ్చి కూర్చోబెడితే హాలు నిండుతుంది, దానివల్ల ఏమీ తెలియదు. వీటిని చూడండి: తరువాతి రెండు మూడు నెలల్లో ఎవరైనా చదువుగదికి వచ్చి ఆ సంపుటం కావాలని అడిగారా, సందర్శకుల పుస్తకంలో కొత్త పేర్లు ఉన్నాయా, రిజిస్టరులో ఖాళీగా ఉన్న గడులు ఎన్ని నిండాయి, ఏ తేదీ, ఏ పేరు తప్పని శ్రోతలు పట్టుకున్నారు, పత్రాలు సభకు ముందు ఉన్న స్థితిలోనే ఉన్నాయా. చదువుగదికి ఒక్కరు కూడా రాకపోతే సాధారణంగా కారణం ఒకటే: సేకరణ చూడాలంటే ఏ రోజు, ఎన్ని గంటలకు రావాలో, ఎవరిని అడగాలో, ఏ గుర్తింపు కార్డు తేవాలో సభలో ఎవరూ చెప్పి ఉండరు. ఆ నాలుగు వివరాలు ఒక చీటీ మీద ముద్రించి వెళ్లేవారి చేతిలో పెట్టండి, ప్రసంగం ముగింపులో వక్త చేత కూడా చెప్పించండి.

వచ్చిన సవరణలను నెల లోపల సరిచూసి, తేలిన విషయాన్ని గ్రంథాలయం నోటీసు బోర్డు మీద పెట్టండి. వక్త పొరపాటు చేసి ఉంటే అదీ రాయాలి, సవరించినవారి పేరు వారి అనుమతితో పక్కన రాయాలి. తరువాతి ప్రసంగానికి వస్తువును ఎంచుకోవడం కూడా ఆ నోటీసు బోర్డు నుంచే మొదలుపెట్టవచ్చు: జవాబు దొరకని ప్రశ్నలు కింద రాసి, వాటికి సంబంధించిన కాగితాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే తెలియజేయమని ఫోను నంబరు ఇవ్వండి.